పాతపేటలో పరదేశి కాపురం

ఏ నగరంలోనైనా అన్నిటికన్నా పాత పేటలో ఇల్లు తీసుకుని ఉండాలన్న ముచ్చట ఎక్కువగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళదే. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఇరుకు సందులూ, చెమ్మ గోడలూ, నిటారు మెట్లూ ఇక పడలేమని కొత్త కాలనీలకు వెళ్ళిపోతుంటారు. సరిగ్గా ఆ సందుల కోసం, ఆ గోడల కోసం పరదేశి వస్తాడు. మొరాకోలోని ఫెజ్, మరాకేష్, పోర్చుగల్ రాజధాని లిస్బన్, మలేషియాలోని జార్జ్‌టౌన్, శ్రీలంకలోని గాలె కోట... గత పాతిక ముప్ఫై ఏళ్ళలో ఈ ఊళ్ళన్నిటా జరుగుతున్న కథ ఇది.

దీని మీద రెండు వాదాలు బలంగా వినిపిస్తున్నాయి. విదేశీయులు డబ్బు పెట్టి బాగు చేయించకపోతే ఆ ఇళ్ళు ఈపాటికి నేలమట్టమయ్యేవని ఒక పక్షం. వాళ్ళ డబ్బే అద్దెలు పెంచి ఊరివాళ్ళను వెళ్ళగొట్టిందని రెండో పక్షం. రెండింట్లోనూ నిజం ఉంది. అయితే రెండూ పరదేశి చుట్టూనే తిరుగుతాయి. అతని అభిరుచి ఎలాంటిది, మనసు ఎలాంటిది అని ఆరా తీస్తాయి. ఈ ఊళ్ళన్నిటి చరిత్రా పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మరో సంగతి కనిపిస్తుంది. పరదేశి రాకముందు ఆ ఇంట్లో ఎవరు ఉన్నారు, అక్కడే ఉండే హక్కు వాళ్ళకు చట్టం ఎంతవరకు ఇచ్చింది? పేట బతికిందా, చచ్చిందా అన్నది ముప్పాతిక భాగం ఇక్కడే తేలిపోతోంది.

విదేశీయులు ఊళ్ళో ఉండటం కొత్త కాదు. మన మచిలీపట్నంలోనే ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, వలందపాలెం ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, డచ్చివాళ్ళు వర్తకానికి వచ్చి ఎవరి పేట వాళ్ళు కట్టుకున్న ఆనవాళ్ళవి. ఆ కాలపు పరదేశి తన గిడ్డంగి పక్కన తన ఇల్లు కట్టుకున్నాడు. వలస పాలన వచ్చాక ఈ వేరుదనం ఇంకా ముదిరింది. 1912లో మొరాకో ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళినప్పుడు అక్కడి ప్రతినిధి లియోటే, అతని వాస్తుశిల్పి ప్రోస్ట్ కలిసి ఒక పద్ధతి పెట్టారు: పాత నగరాన్ని ముట్టుకోకూడదు, యూరోపియన్ల కోసం పక్కన ఖాళీ జాగాలో వేరే నగరం కట్టాలి. దీనివల్ల పాత ఫెజ్ కూల్చివేతల నుంచి తప్పించుకుంది. అయితే విశాలమైన రోడ్లు, కరెంటు, ఆఫీసులు, బ్యాంకులు అన్నీ కొత్త నగరానికే పోయాయి. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక ఫెజ్ సంపన్న కుటుంబాలు ఆ కొత్త ఊరికో, కాసాబ్లాంకాకో తరలిపోయాయి. వాళ్ళు వదిలిన పెద్ద ఇళ్ళలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు గదికో కుటుంబం చొప్పున చేరారు. ఊరివాళ్ళు ఉన్న పేటలోకే పరదేశి వచ్చి, వాళ్ళ మధ్య, వాళ్ళ ఇంట్లోనే ఉండాలనుకోవడం ఇటీవలి సంగతి. చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఫెజ్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఎనిమిదో శతాబ్ది చివర, తొమ్మిదో శతాబ్ది మొదట్లో నదికి ఇరువైపులా వెలసిన ఊరు ఇది. 859లో స్థాపించిన ఖరావియిన్ మసీదు, విద్యాపీఠం చుట్టూ పెరిగింది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోడల లోపల కారు నడవదు. సిమెంటు బస్తా దగ్గర్నుంచి గ్యాస్ సిలిండరు దాకా కంచరగాడిదల మీదో, గాడిదల మీదో రావలసిందే. వాటిని తోలేవాళ్ళు “బాలక్, బాలక్” అని కేక పెడుతుంటే జనం గోడకు అతుక్కుని దారి ఇస్తారు. ఇళ్ళకు వీధి వైపు కిటికీలు దాదాపు ఉండవు. చిన్న తలుపు, వంకర తిరిగిన నడవ, అది దాటాక ఒక్కసారిగా ఆకాశం కనిపించే నడిమి వాకిలి, చుట్టూ గదులు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్ళకు ఈ అమరిక కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే: మండువా ఇంటికి చుట్టూ పెరడు ఉంటుంది, ఫెజ్ ఇంటికి చుట్టూ పొరుగిళ్ళే ఉంటాయి. గోడలన్నీ ఉమ్మడి గోడలు. ఒక ఇంటి మిద్దె కారితే పక్కింటి దేవదారు దూలం కుళ్ళుతుంది. ఒక ఇల్లు ఒరిగితే ఎదురింటికి కర్రలు అడ్డం పెట్టి నిలబెడతారు. అలాంటి దూలాలు అడ్డం పెట్టిన సందులు ఫెజ్‌లో చాలాచోట్ల కనిపిస్తాయి.

కాబట్టి అక్కడ ఇల్లు కొనడమంటే నాలుగు గోడలు కొనడం కాదు, నలుగురు పొరుగువాళ్ళతో పొత్తు పెట్టుకోవడం. అసలు కొనడమే ఒక పెద్ద యాతన. మొరాకోలో రెండు రకాల హక్కు పత్రాలు నడుస్తున్నాయి. 1913 నాటి చట్టం కింద రిజిస్టరైన భూమి పట్టా ఒకటి. అదూల్ అనే సంప్రదాయ లేఖరులు సాక్షుల మాట మీద రాసిన మెల్కియా దస్తావేజు మరొకటి. పాత పేటల్లో రెండోదే ఎక్కువ. తాత పేరున ఉన్న ఇంటికి పదిమంది, ఇరవైమంది వారసులు తేలతారు. ఒకరు కాసాబ్లాంకాలో, ఒకరు ఫ్రాన్స్‌లో, ఒకరి ఆచూకీ తెలియదు. అందరి సంతకాలూ కావాలి. ఒకరు వాటా అమ్మితే మిగతా వాటాదార్లకు అదే ధరకు ముందుగా కొనుక్కునే హక్కు ఇస్లామిక్ న్యాయంలో ఉంది. ఆ మాట తేలేదాకా కొన్నవాడికి నిద్ర పట్టదు. పై గదిలో ఉన్న కుటుంబం ఇంటాయనకు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి నామమాత్రపు అద్దెకు ఉంటున్నదై ఉండవచ్చు. దాన్ని అక్కడ రహన్ అంటారు. రాయలసీమలో, బెంగళూరులో భోగ్యానికి ఇల్లు తీసుకునే పద్ధతి ఎరిగినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ సొమ్ము చేతిలో పెట్టకుండా వాళ్ళను కదపలేరు.

విదేశీయులు ఈ చిక్కును ఎప్పుడూ ఫిర్యాదుగానే చెబుతారు. ఇల్లు చేతికి రావడానికి ఏళ్ళు పట్టిందని బాధపడతారు. వాళ్ళ బాధ నిజమే. కానీ నా లెక్కలో ఫెజ్‌ను ఫెజ్‌గా మిగిల్చిన కారణాల్లో ఈ చిక్కుముడి ముఖ్యమైనది. తొందరగా అమ్మలేని ఇల్లు తొందరగా చేతులు మారదు. గదికో కుటుంబం ఉన్న ఇంట్లో ప్రతి కుటుంబంతోనూ మాట్లాడాలి, ప్రతి కుటుంబానికీ ఎంతో కొంత ముట్టచెప్పాలి. మరాకేష్‌లో కథ వేరేగా నడిచింది. 1966లోనే ఫ్యాషన్ రూపశిల్పి ఇవ్ సెయింట్ లారెంట్ అక్కడి పాత పేటలో ఇల్లు కొన్నాడు. కొన్నాళ్ళపాటు అది కళాకారుల, శ్రీమంతుల సరదాగానే ఉండిపోయింది. 1990ల చివర ఫ్రెంచి టీవీలో అక్కడి చవక ఇళ్ళ గురించి కార్యక్రమం వచ్చాక కొనేవాళ్ళు వరద కట్టారు. కొన్నవాటిలో ఎక్కువ భాగం కాపురపు ఇళ్ళుగా మిగల్లేదు, అతిథి గృహాలయ్యాయి. 2023 సెప్టెంబరు 8 రాత్రి భూకంపం వచ్చినప్పుడు మరాకేష్ పాత పేటలో ఒకప్పుడు యూదుల వాడ అయిన మెల్లా వైపు చాలా ఇళ్ళు దెబ్బతిన్నాయి. మట్టి గోడల పాత ఇంటిని నిలబెట్టుకోవడమంటే ఏటేటా చేయవలసిన పని. ఏడాదికి రెండు వారాలు వచ్చిపోయే యజమాని వల్ల అయ్యేది కాదు.

ఫెజ్‌లో నిజంగా కాపురం ఉన్న పరదేశికి ఇంటి పని కన్నా పేట పద్ధతి నేర్చుకోవడం కష్టం. పాత ఇస్లామిక్ నగరంలో ప్రతి వాడకూ మసీదు, స్నానశాల, రొట్టెల పొయ్యి, నీటి పంపు, ఖురాన్ బడి ఉండాలని ఆనవాయితీ. ఇంట్లో పిండి కలిపి, ముద్దలు చేసి, చెక్క పళ్ళెం మీద గుడ్డ కప్పి పిల్లల చేత పొయ్యి దగ్గరికి పంపుతారు. పొయ్యివాడు ఏ రొట్టె ఎవరిదో పొరబడకుండా కాల్చి పంపుతాడు. ఈ పొయ్యి నడవాలంటే వాడలో పిండి కలిపే ఇళ్ళు తగినన్ని ఉండాలి. సందులో పది ఇళ్ళుంటే ఆరు అతిథి గృహాలైపోయాయనుకోండి, వాటి అల్పాహారం రొట్టెలు టోకున బేకరీ నుంచి వస్తాయి. పొయ్యివాడికి కట్టెల ఖర్చు కూడా గిట్టదు. పొయ్యి మూతపడిందంటే మిగిలిన నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళకు రోజూ నడవాల్సిన దూరం పెరుగుతుంది; వాళ్ళూ ఖాళీ చేయడానికి అది ఒక కారణమవుతుంది. ఇల్లు ఎంత అందంగా బాగు చేయించినా, ఏ రంగు పలకలు పరిపించినా ఈ నష్టం పూడదు. ఆ ఇంట్లో పిండి కలిపే మనిషి ఉండాలి.

మిద్దె విషయం కూడా అంతే. ఫెజ్ మిద్దెలు ఆచారం ప్రకారం ఆడవాళ్ళ తావు. బట్టలు ఆరేసేది, పక్కింటివాళ్ళతో మాట్లాడేది, ఎండలో కూర్చునేది అక్కడే. మగవాళ్ళు వేళాపాళా లేకుండా పైకి ఎక్కరు. పరదేశికి మాత్రం ఆ ఇంట్లో మిద్దె మీదే అసలు అందం; సాయంత్రం కుర్చీలు వేసుకుని మినార్లు చూడాలని ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే పొరుగింటి నడిమి వాకిలి మొత్తం కనిపిస్తుంది. వీధి వైపు కిటికీ కూడా పెట్టుకోని ఇల్లు అది. దాని గుట్టంతా పైనుంచి బట్టబయలైపోతుంది. తెలిసినవాళ్ళు చుట్టూ మనిషెత్తు తడిక కట్టిస్తారు, ఎక్కే వేళలు పాటిస్తారు. తెలియనివాళ్ళ మీద ఫిర్యాదు ఎవరూ చేయరు. ఆ ఇంటి ఆడవాళ్ళు పైకి రావడం మానేస్తారు, అంతే.

లిస్బన్‌కు వస్తే చట్టం చేసిన పని ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1755 నవంబరు 1 భూకంపంలో నగరం మధ్య భాగమంతా నేలకూలితే, కోట కింద కొండవాలు మీదున్న అల్ఫామా చాలావరకు నిలిచింది. రేవు పనివాళ్ళు, చేపలు అమ్మేవాళ్ళు, చిన్న జీతగాళ్ళ పేట అది; దానికి ఆనుకుని మొరారియా. సలజార్ నియంతృత్వ కాలంలో లిస్బన్, పోర్తోలలో అద్దెలు స్తంభింపజేశారు. దశాబ్దాలు గడిచేసరికి అద్దె ఇంటి పెంకు ఖరీదుకు కూడా చాలనంతగా పడిపోయింది. యజమానులు మరమ్మతులు మానేశారు. పేట శిథిలమైంది, కానీ జనం కదల్లేదు. ముసలివాళ్ళు పుట్టిన గదిలోనే ఉండిపోయారు. ఇది మంచి ఏర్పాటని నేను అనను. కప్పు మీద పడే ఇంట్లో ఉండే హక్కు పూర్తి హక్కు కాదు. అయితే దాన్ని తీసేసిన తీరు చాలా కఠినంగా ఉంది.

2011లో పోర్చుగల్ అప్పుల ఊబిలో పడి బయటి రుణదాతల షరతులకు ఒప్పుకుంది. 2012లో కొత్త అద్దె చట్టం వచ్చింది. పాత కౌళ్ళను మార్కెట్ రేటుకు మార్చే దారి తెరిచింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకూ, వికలాంగులకూ కొంత గడువు ఇచ్చి, మిగతావాళ్ళకు తక్కువ వ్యవధిలో తేల్చేసింది. అదే ఏడాది అక్టోబరులో గోల్డెన్ వీసా మొదలైంది. 5 లక్షల యూరోల ఇల్లు కొంటే నివాస అనుమతి. తరవాత పాత పేటల్లో బాగు చేయించే పాత కట్టడమైతే 3.5 లక్షలకే. విదేశీ పింఛనుదార్లకు పన్ను మినహాయింపు 2009 నుంచీ ఉండేది. తమ పౌరులు అక్కడికి వెళ్ళి ఎక్కడా పన్ను కట్టడం లేదని ఫిన్లాండ్, స్వీడన్ పోర్చుగల్‌తో పన్ను ఒప్పందాలే రద్దు చేసుకున్నాయి. 2014లో పర్యాటకులకు ఇళ్ళు అద్దెకిచ్చే నియమాలను బాగా సులువు చేశారు. ఒక చట్టం పాత కాపురాన్ని కదిలిస్తే రెండోది కొత్త కొనుగోలుదారును పిలిచింది, మూడోది ఆ ఇంట్లో ఎవరూ కాపురం లేకుండానే డబ్బు వచ్చే మార్గం చూపింది. అల్ఫామా, మొరారియా ఉన్న శాంతా మరియా మయోర్ పరిధిలో 2011లో సుమారు 13 వేలు ఉన్న జనాభా 2021కి 10 వేలకు దిగింది. 2018 చివర్లో ఈ పేటల్లో కొత్త పర్యాటక లైసెన్సులు ఆపారు. 2023లో గోల్డెన్ వీసాకు ఇళ్ళ కొనుగోలు దారి మూసేశారు. అప్పటికి వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారు.

ఈ లిస్బన్‌లోనే నన్ను అన్నిటికన్నా కలచివేసే సంగతి ఒకటుంది. మొరారియాలో రెండు రకాల పరదేశులు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటున్నారు. బెన్‌ఫర్మోజో వీధిలో, మార్తిం మొనీజ్ కూడలి చుట్టూ బంగ్లాదేశ్, నేపాల్, భారత్, పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళ కొట్లున్నాయి. లిస్బన్‌లో కందిపప్పుకో, బాస్మతికో మనవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళేది ఆ దారికే. ఊరివాళ్ళు ఖాళీ చేసిన షట్టర్లు మళ్ళీ ఎత్తింది ఈ మనుషులు. వీధి దీపాల కింద రాత్రి పొద్దుపోయేదాకా మనుషుల అలికిడి ఉందంటే వాళ్ళ వల్లే. గోల్డెన్ వీసా తీసుకున్నవాడు ఏడాదికి సగటున ఏడు రోజులు దేశంలో ఉంటే చాలు. ఈ కొట్లవాళ్ళు, హోటళ్ళలో అంట్లు తోమేవాళ్ళు, బండి మీద భోజనాలు చేరవేసేవాళ్ళు ఏడాదంతా అక్కడే ఉండి, పన్ను కడుతూ, నివాస కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూశారు. దేశంలోకి వచ్చాక ఉద్యోగం చూపి కాగితాలు సరిచేసుకునే దారిని 2024 జూన్‌లో మూసేశారు. 2023 ఫిబ్రవరిలో మొరారియాలో ఒక ఇంటికి నిప్పంటుకుని ఇద్దరు చనిపోయారు. కింది అంతస్తులో వలస కార్మికులు కిక్కిరిసి ఉంటున్నారని అప్పుడు లోకానికి తెలిసింది. 2024 డిసెంబరు 19న పోలీసులు బెన్‌ఫర్మోజో వీధిలో డజన్ల మందిని గోడకు అభిముఖంగా వరసగా నిలబెట్టి సోదా చేశారు. ఆ ఫోటో దేశాన్ని కుదిపింది. మరుసటి నెలలో వేలమంది లిస్బన్‌వాసులు వాళ్ళ పక్షాన ఊరేగింపు తీశారు.

పరదేశులు పాత పేటను పాడు చేశారా, బాగు చేశారా అని అడిగేవాళ్ళు ఏ పరదేశి గురించి అడుగుతున్నారో మొదట చెప్పాలి. పేటలో నిద్ర లేచి, పేటలో కొట్టు తెరిచి, పిల్లల్ని పేట బడికి పంపే వలస కార్మికుణ్ణి ఎవరూ వారసత్వ రక్షకుడని పొగడరు. ఏడు రోజులు ఉండేవాణ్ణి పొగుడుతారు. ఐటీ ఉద్యోగం మీద, జీతం చీటీతో వెళ్ళిన తెలుగువాళ్ళను వీసా ఆఫీసు మొదటి వరసలో కూర్చోబెడుతుంది. అదే రంగు చర్మం ఉన్న మనిషి కింది అంతస్తులో పదిమందితో గది పంచుకుంటాడు. ఈ విషయంలో మనకు దూరంగా నిలబడి మాట్లాడే హక్కు లేదు. మనవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

జార్జ్‌టౌన్ ఇంకో రుజువు. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్ దీవిలో పెట్టిన రేవు పట్నం ఇది. కింద కొట్టు, పైన కాపురం. వీధి వైపు సన్నగా, లోపలికి చాలా పొడుగ్గా పోయే చీనా ఇళ్ళు. నడుమ గాలికీ వానకూ తెరిచిన చిన్న వాకిలి. ముందు వరసంతా కలిసిపోయే అయిదడుగుల వసారా. 1948కి ముందు కట్టిన ఇళ్ళకు 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించేది. దాన్ని 2000 జనవరి 1 నుంచి రద్దు చేశారు. తరతరాలుగా తక్కువ అద్దెకు ఉన్న బుట్టలల్లేవాళ్ళు, బోర్డులు చెక్కేవాళ్ళు, టీ కొట్లవాళ్ళు వేల సంఖ్యలో పేట విడిచారు. యునెస్కో గుర్తింపు వచ్చింది 2008 జూలైలో. మలేషియా విదేశీయుల దీర్ఘకాల వీసా పథకం 2002లో మొదలైంది. అంటే పరదేశి తలుపు తట్టేనాటికి చాలా ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. కొన్నిట్లో కాపురాలకు బదులు పక్షుల్ని పెంచారు: మనుషులు తినే గూళ్ళు కట్టే స్విఫ్ట్‌లెట్ పక్షుల కోసం కిటికీలు మూసి, రికార్డు చేసిన కూతలు వినిపించి, గోడలు పాడు చేశారు. వారసత్వ పరిధిలో వాటిని తీసేయడానికి ప్రభుత్వం 2013 చివరి దాకా గడువు పెట్టాల్సి వచ్చింది. అక్కడ మనుషుల్ని పంపించింది విదేశీయుడు కాదు. పంపించాక మిగిలిన ఖాళీలోకి వచ్చాడు.

అలా వచ్చినవాళ్ళలో ఇల్లు ఎలా బాగు చేయాలో ఓపికగా నేర్చుకున్నవాళ్ళ ఋణం మాత్రం జార్జ్‌టౌన్‌కు ఉంది. ఆ ఇళ్ళు ఇటుక, సున్నంతో కట్టినవి. మన పాత మేడల్లో గానుగ సున్నం ఎలా పని చేసిందో అక్కడా అంతే. నేలలోంచి ఎక్కిన చెమ్మను సున్నపు పూత బయటికి ఆరనిస్తుంది. తొందరపడి దాని మీద సిమెంటు పూత వేసి ప్లాస్టిక్ రంగు కొట్టిస్తే రెండేళ్ళు తళతళలాడుతుంది. ఆ తరవాత లోపలి చెమ్మ దారి లేక పైపైకి ఎక్కుతుంది, గోడకు ఉప్పు పూస్తుంది, ఇటుక పొడి రాలుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. చాలామంది మళ్ళీ సిమెంటే పూయిస్తారు. తెలిసిన మేస్త్రీ అయితే సిమెంటంతా చెక్కించి, గోడను నెలల తరబడి వట్టిగా ఆరనిచ్చి, ఉప్పు దులిపి, అప్పుడు సున్నం పూస్తాడు. ఆ నెలల్లో యజమాని ఆ గోడ పక్కనే పడుకోవాలి. పర్యాటకులకు అద్దెకిచ్చే ఇంటికి ఆ ఖాళీ నెలలు నష్టం, అందుకని సిమెంటు. కాపురం ఉండే ఇంటికి ఆరిన గోడ లాభం, అందుకని సున్నం. అభిరుచుల తేడా అని పైకి కనిపించేది చాలాసార్లు ఆ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా లేదా అన్న తేడాయే.

అలాంటప్పుడు విదేశీయులకు ఇళ్ళు అమ్మకుండా చట్టం చేస్తే సరిపోదా? శ్రీలంక ఆ దారి పట్టి చూసింది. డచ్చివాళ్ళ గాలె కోట 1988లో వారసత్వ జాబితాలో చేరింది. 2000ల మొదట్లో విదేశీయులు కోటలో ఇళ్ళు కొనడం జోరందుకున్నాక 2004లో వాళ్ళ కొనుగోళ్ళ మీద 100 శాతం పన్ను వేశారు. 2014లో ఏకంగా భూమి బదిలీనే నిషేధిస్తూ చట్టం చేశారు, కొన్ని మినహాయింపులతో. అయినా కోటలో తరాల నుంచి ఉన్న ముస్లిం కుటుంబాల ఇళ్ళు ఒక్కొక్కటే హోటళ్ళుగా, నగల కొట్లుగా మారుతూనే వచ్చాయి. స్వదేశీ పెట్టుబడికి ఆ నిషేధం అడ్డు కాదు. పుదుచ్చేరిలోనూ అంతే. మన విదేశీ మారక చట్టం ప్రకారం ఇక్కడ నివాసం లేని, భారత సంతతి కాని విదేశీయుడు ఇల్లు కొనలేడు. సముద్రం ఒడ్డున ఫ్రెంచి వీధుల్లో ఇళ్ళు అతిథి గృహాలు కావడం వారాంతాల్లో చెన్నై, బెంగళూరుల నుంచి వచ్చే మన జనం కోసమే. పైగా అక్కడ పరదేశి ఎవరని గీత గీయడమే కుదరదు. 1962లో ఫ్రెంచి స్థావరాలు భారత్‌లో చట్టబద్ధంగా కలిసినప్పుడు కోరుకున్నవాళ్ళకు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలు కల్పించారు. పుదుచ్చేరిలో, తెలుగు మాట్లాడే యానాంలో పుట్టిన నేల మీద, పుట్టిన ఇంట్లో ఫ్రెంచి పాస్‌పోర్టుతో బతికిన కుటుంబాలున్నాయి. పాస్‌పోర్టు చూసి పేటను కాపాడాలనుకుంటే వాళ్ళు ఏ వైపు?

వెనిస్ లెక్క కూడా ఇదే చెబుతుంది. 1951లో దీవి నగరంలో సుమారు 1.75 లక్షల మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50 వేల కిందికి పడింది. వాళ్ళను పంపించింది అక్కడ స్థిరపడ్డ విదేశీయులు కాదు, ఒక రాత్రి ఉండి పోయేవాళ్ళ కోసం ఇళ్ళన్నీ మారిపోవడం.

వేరే దారి లేదా అంటే ఉంది. ఇటలీలోని బొలోన్యా నగరం 1970ల మొదట్లో చేసిన పని నాకు ఇప్పటికీ ఆదర్శంగా కనిపిస్తుంది. కమ్యూనిస్టుల చేతిలో ఉన్న ఆ పురపాలక సంఘం, వాస్తుశిల్పి చెర్వెల్లాతీ ఆలోచన ప్రకారం, ఊరి బయట కొత్త అపార్ట్‌మెంట్లు కట్టడానికి వచ్చే ప్రజా గృహనిర్మాణ నిధుల్ని నడిబొడ్డు పాత ఇళ్ళ మరమ్మతుకు మళ్ళించింది. షరతు ఒక్కటే: ఆ వీధిలో ఉన్న పనివాళ్ళు, ముసలివాళ్ళు, అద్దెవాళ్ళు ఆ వీధిలోనే ఉండాలి. గోడలతో పాటు అద్దె ఒప్పందాన్ని కూడా మరమ్మతు చేయవలసిన వస్తువుగా చూసింది. అది నగరం మొత్తానికి విస్తరించలేదు, డబ్బు చాలలేదు. హవానాలో 1993 నుంచి నగర చరిత్రకారుడి కార్యాలయానికి హోటళ్ళు, భోజనశాలలు నడుపుకునే అధికారం ఇచ్చి, ఆ ఆదాయంతో పాత ఇళ్ళనూ, బళ్ళనూ, వృద్ధుల వసతులనూ బాగు చేయించారు. దాని ఇబ్బందులు దానికున్నాయి. ఫెజ్‌లో 1989లో పెట్టిన పునరుద్ధరణ సంస్థ ఇంటివాళ్ళకు మరమ్మతు ఖర్చులో భాగం ఇస్తూ, పడిపోయే ఇళ్ళకు ఆసరాలు కట్టిస్తూ వచ్చింది. వీటిలో ఏదీ విదేశీయుణ్ణి రావద్దనలేదు. అతని రాకకు ముందు ఉన్న మనిషి కాలు కింద నేల గట్టి చేసే పని చేశాయి, చేయగలిగినంత.

ఇలాంటి పేటకు ఉద్యోగం మీద రెండు మూడేళ్ళకు వెళ్ళే మనిషి చేతిలో ఏముంది? చాలా లేదు, కొంత ఉంది. ఇల్లు చూపించే ఏజెంటును నీటి ఒత్తిడి గురించి, ఇంటర్నెట్ గురించి అడుగుతాం. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎందుకు వెళ్ళారు అనేది కూడా అడగవచ్చు. పక్కింటి ముసలావిడ మెట్ల మీద కూర్చుని ఉంటుంది, ఆమెకు ఏజెంటు కన్నా బాగా తెలుసు. ఏడాదంతా ఉండే కాపురపు ఒప్పందమే కావాలని పట్టుబట్టవచ్చు. కూరలు పేటలోనే కొనవచ్చు, బిడ్డను పేట బడిలోనే వేయవచ్చు. చాలినంతమంది పిల్లలు లేరని పాత పేటల్లో బళ్ళు మూతపడుతున్న రోజులివి. ఒక్క బిడ్డ పేరు హాజరు పట్టీలో చేరినా తరగతి నిలబడటానికి ఆ పేరు పనికొస్తుంది.

ఈ చర్చ ఇప్పుడు బార్సిలోనా మీదికి వచ్చి ఆగింది. నగరంలో ఉన్న 10,101 పర్యాటక ఇళ్ళ లైసెన్సులు 2028 నవంబరు తరవాత పొడిగించబోమని మేయర్ జావుమే కొల్బోనీ 2024 జూన్‌లో ప్రకటించాడు. 2025లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం దానికి ఆధారమైన కటలూన్యా ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. ఆ ఇళ్ళన్నీ కాపురాలకు తిరిగి వస్తాయని పాత పేట సంఘాల ఆశ. అయితే 2024 నుంచి అక్కడ మామూలు అద్దెలకు పరిమితి ఉండటంతో చాలామంది యజమానులు పదకొండు నెలల తాత్కాలిక ఒప్పందాల వైపు మళ్ళారు. ఊళ్ళో బిడ్డలతో బతికే కుటుంబం పదకొండు నెలల కాగితం మీద ఉండలేదు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి ఇబ్బంది లేనివాళ్ళు విదేశీ కంపెనీ జీతగాళ్ళు, దూరం నుంచి పనిచేసే ఉద్యోగులు, చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు. మన పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆ పది వేల ఇళ్ళు 2028 తరవాత ఎవరి చేతికి వస్తాయన్నది ఈ తాత్కాలిక ఒప్పందాల మీద చట్టం ఎంత గట్టిగా నిలబడుతుందో దాన్నిబట్టి ఉంటుంది.